ఇంట్లో నెమ్మదేనా?

నా నోరు ఎలాంటిదో ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. నేను గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకుంటే చాలు, గొలుసుకు కట్టేసినవి కూడా తోక ముడుచుకుని పడుకుంటాయట. ఈ మాట నాది కాదు, పక్కింటి ఫ్లోసీది. బడిలో పక్కపక్కన కూర్చున్న నాటి నుంచి ఫ్లోసీ నాతో పోట్లాడుతూనే ఉంది, ఒక్కసారీ గెలవలేదు. ఆ ఒక్క శరత్కాలం మాత్రం రోజూ గెలిచింది.

ఆగస్టు చివర మేం మాంసం దాచుకునే మంచు పాతర శుభ్రం చేస్తున్నాం. నేను నిచ్చెన దిగి అడుగున కూర్చుని, గోడల మీద పేరుకున్న మంచు పొరలు గీకుతున్నాను. పైన గొయ్యి అంచున, బోర్లించిన బకెట్టు మీద మా అత్త హెస్టర్ కూర్చుంది. ఆవిడ చెవులు సరిగా పనిచేయవు కానీ కళ్లు మాత్రం గద్ద కళ్లు.

"ఆ మూల వదిలేశావే."

"గీకాను అత్తా."

"గీకితే మెరవాలి. వచ్చే చుట్టానికి ఇల్లు నచ్చాలా వద్దా? మురికి కొంపలోకి ఎవరు దిగుతారు?"

వచ్చే చుట్టమంటే తిమింగలం. మామూలు ఏడాదైతే పాతర కడిగే ముందు మిగిలిన మాంసమంతా పైకి తీసి ఊరికి పంచేస్తాం. పాత మాంసం ఉండగా కొత్త చుట్టం ఎందుకొస్తుంది? ఆ ఏడు తీసి పంచడానికి ఏమీ లేదు. రెండు గోతాల చేపలు, కొన్ని పెద్దబాతులు, అంతే. రెండు శరత్కాలాలుగా మా పడవకు తిమింగలం దొరకలేదు. తీరం వెంట అవతలి ఊరి చుట్టాలు పంపిన మక్తక్‌తో క్రిస్మస్ గడిపాం. తిమింగలం తోలూ కొవ్వూ ఎవరు పంపినా రుచిగానే ఉంటాయి, కాదనను. కానీ పదిమందికి పెట్టిన చెయ్యి చాపి పుచ్చుకోవాలంటే ముద్ద గొంతు దిగదు.

ఎందుకు దొరకలేదో ఊళ్లో అందరికీ తెలుసు. మా ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో చమురు కంపెనీ కంకర పోసి దీవి కడుతోంది. దాని మీద నిలబడి బావులు తవ్వుతారట. కంకర మోసే బార్జీ ఓడలు సముద్రం తెరుచుకున్న దగ్గర నుంచి మళ్లీ గడ్డకట్టేదాకా పగలూ రాత్రీ తిరిగేవి. ఆ మోత గాలిలో కంటే నీళ్లలో ఎక్కువ దూరం పోతుంది. ఒడ్డు పక్కనే ఈదుకుంటూ వెళ్లే తిమింగలాలు ఆ మోత విని ఎక్కడో దూరంగా, మా పడవలు పోలేని చోటుకు తప్పుకునేవి. నేల మీద కారిబూ జింకల సంగతీ అంతే. జులైలో వస్తాయి, కంపెనీ వేసిన చమురు గొట్టం దగ్గర నిలబడతాయి, వాసన చూస్తాయి, వెనక్కి తిరుగుతాయి. ఫ్లోసీ మొగుడు తుపాకీ తుడుచుకుని ఇంట్లో కూర్చుంటాడు.

పాతర నోటి దగ్గర మా ఆయన, మా పడవకు పెద్ద, ఏబెల్ తల కనిపించింది. మంచు నింపిన బకెట్టును తాడుతో పైకి లాగుతూ, ఎటో చూస్తూ అన్నాడు.

"ఈసారి కూడా రాకపోతే పడవ సైలాస్‌కి ఇచ్చేస్తాను. జెండా కూడా."

సైలాస్ ఆయన తమ్ముడు, అవతలి ఊళ్లో ఉంటాడు, వేటకు మాత్రం మా పడవెక్కుతాడు. జెండా మా మామ ఉన్న రోజుల్లో అత్త కుట్టింది, నీలం గుడ్డ మీద తెల్ల చుక్క. తిమింగలం వచ్చిన రోజున ఇంటి మీద ఎగురుతుంది. అది ఎగరక రెండేళ్లయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మోత చేసేది వాళ్లయితే పడవ ఇచ్చేది నువ్వా? సిగ్గుండక్కర్లేదూ? పడవ ఇచ్చేసి ఏం చేస్తావు, కుర్చీలో కూర్చుని టీవీ చూస్తావా?" అని పాతర అడుగు నుంచి అరిచాను. పాతరలో అరిస్తే ఒక అరుపు నాలుగవుతుంది.

"అదిగో" అంది అత్త. "కెనడాలో బయల్దేరిన తిమింగలాలు ఈ అరుపు విని వెనక్కి తిరిగుంటాయి."

"నా నోరు సముద్రంలోకి వినపడుతుందా అత్తా?"

"నాకు చెవుడు. నాకే వినపడుతోంది."

ఏబెల్ నవ్వలేదు. ఇలాంటి మాటకు కడుపు పట్టుకుని, మంచం మీద పడి దొర్లి నవ్వే మనిషి ఆయన. ఆ నవ్వు చూసే నేను పెళ్లి చేసుకున్నాను. బకెట్టు పట్టుకుని అలాగే వెళ్లిపోయాడు.

అత్త కిందికి వంగింది. "ఇటు చూడు కోడలా. తిమింగలం మగాడికి దొరకదు, వాడి పెళ్లానికి దొరుకుతుంది. పడవ నీళ్లలో ఉన్నన్నాళ్లు నువ్వు నెమ్మదిగా ఉంటే అదీ నెమ్మదిగా ఉంటుంది. నువ్వు ఎగిరితే అదీ ఎగురుతుంది. ఇప్పుడు రెండు మోతలున్నాయి. ఒకటి బార్జీలది, ఒకటి నీది. వాళ్లది నా చేతిలో లేదు."

నాకు ఏడుపొచ్చింది, కోపం వచ్చింది, ఆవిడ అన్నది నిజమనీ అనిపించింది. "సరే, ఈ ఏడు నోరు మెదపను" అన్నాను. అత్త నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

*

సెప్టెంబరు మొదట్లో మా పడవ వేట దీవికి వెళ్లింది. తీరానికి దూరంగా ఉన్న ఆ ఇసుక దీవిలో చెక్క గుడిసెలున్నాయి, వేట ముగిసేదాకా మగవాళ్లు అక్కడే ఉంటారు. వంటింట్లో కిటికీ పక్కన రేడియో ఉంది. రోజూ సాయంత్రం ఏబెల్ అందులో పిలుస్తాడు. అందరూ ఒకే చానల్ వింటారు కాబట్టి మా మొగుడూ పెళ్లాల మాటలు ఊరు ఊరంతా వినాల్సిందే.

"లోటీ, ఇంట్లో నెమ్మదేనా?"

"నెమ్మదే."

ఇది వాళ్ల నాన్న వాళ్లమ్మను అడిగిన ప్రశ్న, అంతకుముందు తాత నాయనమ్మను అడిగిన ప్రశ్న. జవాబు చెప్పి బొత్తాం వదలగానే ఎవరో ఒకరు తమ ఇంట్లో రేడియో పట్టుకుని కిసుక్కున నవ్వేవారు. ఆ నవ్వు ఎవరిదో గుర్తుపట్టి కూడా నేను ఏమీ అనలేదు. అప్పటికింకా మొదటి రోజే.

రెండో రోజు పొద్దున్నే ఫ్లోసీ వచ్చింది. ఏడాది పొడవునా దాచుకున్న మాటలన్నీ మూట కట్టుకుని వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, నేను వేయించిన రొట్టె తీసుకుని కొరికింది.

"లోటీ, దీంతో పడవకి లంగరు వేయొచ్చే."

నేను చిరునవ్వు నవ్వాను.

"పోయిన చలికాలం నా పెద్ద గిన్నె పట్టుకెళ్లావు. తిరిగివ్వలేదు."

ఇచ్చాను. దాని మొగుడి చేతికే ఇచ్చాను. సాక్ష్యం కూడా ఉంది. నేను మెల్లగా లేచి, మెల్లగా నడిచి, దానికి మెల్లగా టీ పోశాను. అలా మెల్లగా నడుస్తుంటే నా మోకాళ్లు నావి కానట్టుంది.

"చర్చిలో పాట పాడేటప్పుడు నీ గొంతు అందరికంటే ముందు పరిగెత్తుతుంది. దేవుడు కూడా వెనకపడిపోతున్నాడు పాపం." ఇంకో రొట్టె తీసుకుంది. "ఏం, మాట్లాడవేం? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది ఫ్లోసీ" అన్నాను, పాలు తాగే పిల్లాడితో మాట్లాడినట్టు.

దాని కళ్లలో సంతోషం చూడాలి. మా అత్త పక్క గదిలో గోడకు తల ఆనించి భుజాలు కదిలేలా నవ్వుతోంది. చెవుడట ఆవిడకి. అవసరమైనవన్నీ వినపడతాయి.

ఫ్లోసీ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "రేపూ వస్తాను, ఇంకా చాలా ఉన్నాయి" అంది. వచ్చింది. రోజూ వచ్చింది. నేను లోపల జవాబులన్నీ వరసగా పేర్చుకుంటూ, పైకి రొట్టెలు వేయిస్తూ ఉండిపోయాను.

*

నా మౌనం ఇంట్లో బాగానే సాగింది కానీ సముద్రంలో ఏమీ మారలేదు. సాయంత్రాల్లో ఏబెల్ గొంతు రోజురోజుకూ సన్నబడింది.

"ఇవాళ చాలా దూరం వెళ్లాం. ఒడ్డు కనపడనంత దూరం. కనపడ్డవి కూడా బెదిరిపోయి ఉన్నాయి. ఒక్క ఊపిరి తీసుకుని మునిగిపోతున్నాయి. మళ్లీ ఎక్కడ తేలతాయో తెలీదు." కొంచెం ఆగి, "అలలు పెద్దవిగా ఉన్నాయి. ఇంజను నీళ్లు మింగింది" అన్నాడు.

ఒడ్డు కనపడనంత దూరంలో, పెద్ద అలల్లో, చిన్న అల్యూమినియం పడవ. తిమింగలం దొరికినా అంత దూరం నుంచి లాక్కొచ్చేసరికి మాంసం పాడవుతుంది. మనుషులే తిరిగొస్తారో రారో. కిటికీలోంచి చూస్తే ఎదురుగా బార్జీ దీపాలు వరసగా కదులుతున్నాయి. బల్ల మీద కప్పు సాసరులో సన్నగా వణుకుతోంది. రెండేళ్లుగా మా ఇళ్లలో కప్పులన్నీ అలాగే వణుకుతున్నాయి.

"ఇంట్లో నెమ్మదేనా?"

నాకు ఆ బార్జీల్ని, వాటిని నడిపేవాళ్లని, వాళ్ల ఏడు తరాల్ని తిట్టాలని ఉంది. రేడియో బొత్తాం నొక్కి పట్టుకున్నాను. అత్త నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నెమ్మదే" అన్నాను.

*

సరిగ్గా ఆ వారమే కంపెనీ వాళ్లు బడి హాల్లో సభ పెట్టారు. పడవ పెద్దలందరూ దీవిలో ఉండగా సభ ఏమిటని ఊరంతా గొణుక్కుంది. గొణుక్కుని, అందరూ నా వైపు చూశారు. అంతకుముందు సభల్లో మాట్లాడింది నేనే. పోయినేడాది నేను మాట్లాడటం మొదలుపెడితే ప్రొజెక్టరు వేడెక్కి ఆగిపోయింది కానీ నేను ఆగలేదు.

"నువ్వు రావద్దు" అంది అత్త.

"రాకపోతే భయపడ్డాననుకుంటారు."

"వస్తే అరుస్తావు."

"నా పక్కన కూర్చో. నోరు తెరిస్తే గిల్లు."

కంపెనీ తరఫున వచ్చినాయన పేరు కర్టిస్. కంకర పనంతా ఆయన చేతి కిందే. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చినప్పుడల్లా పిల్లలకు నారింజపళ్లు తెస్తాడు, అందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటాడు. ఆయన పక్కన ఒక లాయరమ్మాయి. నేను అరిచినప్పుడల్లా ఆయన తలూపి, నా అరుపుకు తగ్గ బొమ్మ ఒకటి తెర మీద వేసేవాడు. సముద్రంలో మోత ఇంత దూరం పోయాక తగ్గిపోతుందని చెప్పే నీలం రంగు వలయాలు. నేను ఇంకా గట్టిగా అరిస్తే ఆకుపచ్చ వలయాలు. సభ అయిపోయేసరికి ఇద్దరం అలిసిపోయేవాళ్లం, బార్జీలు మాత్రం అలిసేవి కావు.

ఆ రోజు కూడా ఆయన నా అరుపులకు సరిపడా బొమ్మలు తెచ్చుకున్నాడు. పని ఎలా సాగుతోందో చెప్పి, చేతులు రుద్దుకుని, "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అన్నాడు.

హాలంతా నా వైపు తిరిగింది. నేను టీ చప్పరించాను.

"లోటీ గారూ, మీకు ఉండే ఉంటాయి."

నాకు లేకపోవడమా? గొంతు దాకా ఉన్నాయి. అత్త కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టే ఉంది కానీ రెండు వేళ్లతో నా తొడ పట్టుకుని సిద్ధంగా ఉంది. నేను ఆయన వైపు చూసి మర్యాదగా నవ్వాను.

అప్పుడు ఫ్లోసీ లేచింది. దాని మొగుడు పడవ పెద్ద కాదు. దానికి ఏ కట్టుబాటూ లేదు, ఎంతైనా అరవొచ్చు. అది నోరు తెరుస్తుందని అందరం ఎదురుచూశాం. అది కెటిల్ తీసుకుని కర్టిస్‌కి టీ పోసింది. లాయరమ్మాయికి పోసింది. తర్వాత నా కప్పు నింపి, తన కుర్చీని నా కుర్చీకి ఆనేలా జరుపుకుని, భుజం నా భుజానికి తగిలేలా కూర్చుని, నోరు మూసుకుంది. దాని భుజం వెచ్చగా ఉంది. ఫ్లోసీ నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఇంక ఎవరూ మాట్లాడలేదు. హాల్లో ఒక్కరు కూడా. మా వాళ్లకు ఊరికే కూర్చోవడం కష్టం కాదు. సీలు జంతువు నీళ్లలోంచి తల ఎత్తేదాకా మంచు మీద కదలకుండా కూర్చున్న తాతల మనవలం. కర్టిస్ వచ్చిన చోట అలా కాదు కాబోలు, అక్కడ మనుషులు మాట్లాడటం ఆపితే ఏదో కొంప మునిగినట్టు లెక్క.

ఆయన నీలం వలయాలు వేశాడు. అందరూ శ్రద్ధగా చూశారు. ఆకుపచ్చ వలయాలు వేశాడు. అవీ చూశారు. కిటికీ అద్దాలు బార్జీల మోతకు సన్నగా గలగలమంటున్నాయి. రోజూ ఉండే చప్పుడే, నా అరుపుల్లో ఆయనకు ఎప్పుడూ వినపడి ఉండదు. ఆయన ఒకసారి కిటికీ వైపు చూశాడు.

"కావాలంటే వేగం తగ్గించొచ్చు" అన్నాడు.

ఎవరో బిస్కెట్టు కొరికిన చప్పుడు.

"రాత్రిపూట ఆపొచ్చు."

ఒక పసిపిల్ల తుమ్మింది. వాళ్లమ్మ ముక్కు తుడిచింది.

"చూడండి, నాకు షెడ్యూలు ఉంది. సముద్రం గడ్డకట్టేలోపు కంకర పోయాలి. లేకపోతే పైవాళ్లు నా ప్రాణం తీస్తారు." లాయరమ్మాయి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన చెయ్యి విడిపించుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "లోటీ గారూ, పోయినేడాది మీరు తిట్టినప్పుడు ఇంటికి వెళ్లి హాయిగా పడుకున్నాను. మీరు ఇలా కూర్చుంటే నా వల్ల కావడం లేదు. ఏదో ఒకటి అనండి."

అత్త వేళ్లు బిగుసుకున్నాయి. అక్కర్లేకపోయింది. ఆ క్షణాన ఆయన్ని తిట్టాలని నాకు నిజంగానే లేదు. మొహం చెమటలు పట్టి ఉంది పాపం.

"మా వాళ్లు ఒడ్డు కనపడనంత దూరం పోతున్నారు బాబూ" అన్నాను మెల్లగా. "అంతే."

కర్టిస్ కిటికీ అద్దాల వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత గుండీ తీసి కాలరు వదులు చేసుకుని, "రేపు పొద్దున్న ఆపేస్తాను. మీ పడవలు తిరిగొచ్చేదాకా" అన్నాడు. లాయరమ్మాయి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

అత్త కళ్లు తెరిచింది. "ఏమంటున్నాడు?"

"ఆపేస్తాడట అత్తా."

"ఎందుకట?"

"మనం ఏమీ అనలేదట."

"మంచి కుర్రాడు. ఇంకొంచెం టీ పోయండి" అంది ఆవిడ.

*

మర్నాడు పొద్దున్న కుక్కలు ముందు కనిపెట్టాయి. ఒక్కొక్కటే లేచి, చెవులు నిక్కించి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాయి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వంటింట్లోకి అత్త గాబరాగా వచ్చింది.

"కోడలా, నా చెవులు పూర్తిగా పోయాయే. నేల కూడా వినపడటం లేదు."

"నీ చెవులు కాదత్తా. బార్జీలు ఆగాయి."

ఆవిడ బల్ల మీద అరచెయ్యి ఆనించింది. కప్పు వైపు చూసింది. కప్పు కదలడం లేదు. అలాగే చెయ్యి ఆనించుకుని చాలాసేపు నిలబడింది, పసిబిడ్డ పొట్ట మీద చెయ్యి వేసినట్టు.

తర్వాత పొగమంచు పట్టింది, పడవలు కదల్లేదు. ఫ్లోసీ మళ్లీ రావడం మొదలుపెట్టింది. సభలో నా పక్కన కూర్చున్నది తను కానట్టే, నా కర్టెన్ల రంగు చూస్తే కడుపులో తిప్పుతోందంది. నేను నవ్వాను. ఈసారి ఆ నవ్వు కొంచెం నిజమైనదే.

పొగమంచు విడిపోయిన పొద్దున నేను గిన్నెలు కడుగుతున్నాను. రేడియో గరగరలాడింది. మొదట సైలాస్ గొంతు, ఊపిరందక. తర్వాత ఏబెల్ దేవుణ్ణి తలుచుకుంటున్నాడు, మా భాషలో, వాళ్ల నాన్న తలుచుకున్న మాటల్తోనే.

"ఒడ్డు కనపడుతూనే ఉంది లోటీ" అన్నాడు. "మన వేట దీవి పక్కనే. తనంతట తనే పడవ వైపు వచ్చింది. తొందరపడలేదు. బెదరలేదు."

నా చేతుల్లో తడి పళ్లెం ఉంది. దాన్ని తుడిచాను. బల్ల మీద పెట్టాను. మళ్లీ తీసి మళ్లీ తుడిచాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. అత్త వచ్చి నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంక నీ నోరు నీదేనే" అంది.

నేను గుమ్మంలోకి పరిగెత్తాను. అన్ని రోజుల తర్వాత పరిగెత్తాను. అక్కడ నిలబడి వేసిన కేక దీవిదాకా వినపడిందని తర్వాత సైలాస్ ప్రమాణం చేసి చెప్పాడు. కుక్కలు గొలుసులు తెంపుకున్నంత పని చేశాయి. పక్కింటి గుమ్మంలోకి ఫ్లోసీ ఒంటి కాలికి చెప్పుతో వచ్చింది.

"వచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడు చెప్పవే, నా రొట్టెతో లంగరు వేస్తావా? నీ గిన్నె నీ మొగుడి చేతికిచ్చాను, అడుగు, వాడు దాన్లో చేపనూనె పోసి షెడ్డులో దాచాడు. నా గొంతుకి దేవుడు వెనకపడ్డాడా? నీ గొంతుకి పాస్టరు ఊరు వదిలిపోయాడు."

ఒక్కొక్కటే, వరస తప్పకుండా, వడ్డీతో సహా అప్పజెప్పాను. అది గుమ్మంలోనే కూలబడి ఏడుస్తూ నవ్వుతోంది. "కర్టెన్లు, లోటీ, కర్టెన్లు మర్చిపోయావు" అంది. కర్టెన్ల గురించి కూడా చెప్పాను. చెప్పి, వెళ్లి దాన్ని పట్టుకుని ఏడ్చాను.

*

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. జెండా కర్ర దగ్గర ఎవరినీ తాడు ముట్టుకోనివ్వలేదు అత్త. తనే లాగింది, ఆగి ఆగి, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. రెండేళ్లు మడతపెట్టి ఉన్న గుడ్డ మడతల గీతలతోనే గాలిలో విప్పుకుంది. ఆవిడ మెడ నొప్పి పుట్టేదాకా దాన్ని చూస్తూ నిలబడింది.

సాయంత్రానికి సైలాస్ మొదటి పడవ మాంసం తెచ్చాడు. మక్తక్ పలకలు గుమ్మం దగ్గర దించి, నా వైపు చూసి మొహం వేలాడేశాడు.

"వదినా, నాకు ఒక పడవ నష్టం."

"ఏమైంది?"

"ఇస్తానన్న మాట మర్చిపొమ్మన్నాడు అన్నయ్య. వచ్చే వేసవికి పడవకి రంగు వేయాలట, నన్నే వచ్చి వేయమన్నాడు."

నేను సైలాస్ వీపు మీద ఒక్కటి చరిచి లోపలికి తోశాను. పెద్ద కుండల్లో మక్తక్ ఉడుకుతోంది, వాసనకు వీధి చివరి నుంచి కూడా జనం వస్తున్నారు. ఆడవాళ్లు ఉలు అనే అర్ధచంద్రం కత్తులు పట్టుకుని నేల మీద కూర్చుని ముక్కలు కోస్తున్నారు. ముసలివాళ్లకు ముందు, తర్వాత పిల్లలున్న ఇళ్లకు, తర్వాత మిగతావాళ్లకు. పెట్టే చెయ్యి మళ్లీ మా ఇంటిదైంది. కోసి కోసి నా మణికట్టు లాగేస్తోంది, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గుమ్మం దగ్గర కర్టిస్ నిలబడి ఉన్నాడు, లోపలికి రావాలో వద్దో తెలియక, చేతిలో నారింజపళ్ల సంచితో. ఆయన్ని చూడగానే ఇంట్లో సందడి కొంచెం తగ్గింది. నేను గిన్నె నిండా వేడి ముక్కలు పెట్టి ఆయన చేతికిచ్చి, పొయ్యి పక్కన కూర్చోబెట్టాను.

"ఆ రోజు ప్రశ్నలున్నాయా అని అడిగారు కదా" అన్నాను. "ఉన్నాయి."

అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను మాత్రం ఊరుకోలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అడిగాను, ఖాళీ అయితే మళ్లీ నింపి అడిగాను. గొట్టం దగ్గర తిరిగిపోయే కారిబూల గురించి అడిగాను. వచ్చే ఏడు సంగతేమిటని అడిగాను. ఆయన దగ్గర బొమ్మలేమీ లేవు. కొన్నింటికి జవాబు చెప్పాడు, కొన్నింటికి తెలీదన్నాడు, ఒకటి రెండింటికి పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. ఆ కంకర దీవి కట్టడం ఆగలేదు, బావులూ ఆగలేదు, నేనేమీ అబద్ధం చెప్పను. కానీ మరుసటి సంవత్సరం వేట రోజుల్లో కంకర పని పెట్టుకోకూడదని పైవాళ్లకు చెప్పింది ఆయనే. చెప్పినందుకు ఆయన్ని వేరే చోటికి పంపించారు. ఇప్పటికీ క్రిస్మస్‌కి మాకు నారింజపళ్లు పంపుతాడు.

రేడియో సమయమైంది. దీవిలో వాళ్లు ఇంకా మాంసం కోస్తున్నారు, వెనక వాళ్ల కేకలు వినపడుతున్నాయి. ఏబెల్ గొంతు వచ్చింది, అలవాటు ప్రకారం.

"లోటీ, ఇంట్లో నెమ్మదేనా?"

ఇంట్లో ఒక్కసారిగా అందరూ ఆగారు. కత్తులు ఆగాయి. ఫ్లోసీ రొట్టె సగం కొరికి నోరు తెరుచుకుని చూస్తోంది. నేను చుట్టూ చూశాను. పిల్లలు మా మంచం మీద ఎగిరి దాని కాలు విరగ్గొట్టారు. కుండ పొంగి పొయ్యి మీద పడుతోంది. ఎవరిదో కుక్క లోపలికి వచ్చి బల్ల కింద మక్తక్ ముక్క నములుతోంది. లాయరమ్మాయి కూడా వచ్చింది, ఎప్పుడొచ్చిందో, మా అత్త పక్కన కూర్చుని చేతులకు నూనె పూసుకుని తింటోంది.

బొత్తాం నొక్కాను. "లేదు" అన్నాను. "నెమ్మదీ లేదు, ఏమీ లేదు. ఒక్క ముక్క కూడా లేదు."

రేడియో గరగరలాడింది. తర్వాత వచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక, ఊపిరి చాలక, ఎక్కడో దీవిలో ఇసుక మీద కూలబడి దొర్లుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఊరు ఊరంతా తమ ఇళ్లలో రేడియోల ముందు కూర్చుని ఆ చప్పుడు వింటోంది.

అత్త నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "ఏమంటున్నాడే?"

"ఏమీ అనడం లేదత్తా" అన్నాను. "నవ్వుతున్నాడు."